వేగాలు కుదిరినంత వరకే జీవావరణం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆధారంగా ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా: భూమిపై జీవం నిలవడానికి గాలి, నీరు, నత్రజని వంటివి ఎంత నిల్వ ఉన్నాయన్నది సగం ప్రశ్న మాత్రమే. అవి ఎంత వేగంగా ఖర్చవుతున్నాయి, అంతే వేగంగా తిరిగి చేరుతున్నాయా అన్నది మిగతా సగం. ఈ లెక్క రొయ్యల చెరువులో గంటల్లో, పులికాటు సరస్సులో రుతువుల్లో, పశ్చిమ ప్రకాశం బోరుబావుల్లో దశాబ్దాల్లో, గాలిలోని కార్బన్ విషయంలో శతాబ్దాల్లో తేలుతుంది.

పులికాటులో ఫ్లెమింగోలు తగ్గినా, వేసవిలో కనిగిరి, పామూరు ప్రాంతాల్లో బోర్లు అడుగంటినా, తెల్లవారేసరికి ఒక చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలినా వార్తల్లో చివరికి మిగిలేది ‘పర్యావరణ సమతుల్యం దెబ్బతింది’ అనే ఒకే వాక్యం. ఆ వాక్యం తప్పు కాదు గానీ దేన్నీ వివరించదు. ఏ సమతుల్యం, దేనికీ దేనికీ మధ్య, ఎంత కాలంలో దెబ్బతిన్నదో చెప్పకపోవడం వల్ల వేర్వేరు సమస్యలు ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. మొక్కలు నాటితే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం పుట్టేది కూడా అక్కడి నుంచే.

జీవావరణం ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ రెండు జిల్లాలు అనువైన చోటు. పడమట నల్లమల, వెలిగొండలు, మధ్యలో మెట్ట నేలలు, పెన్నా డెల్టా వరి పొలాలు, తూర్పున ఉప్పునీటి సరస్సు, ఇసుక తీరం, బంగాళాఖాతం అన్నీ వంద, నూట యాభై కిలోమీటర్ల వెడల్పులోనే ఉన్నాయి. 2022లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది. నీళ్లు ఆ గీతలను చూసి పారవు కనుక ఈ వ్యాసంలో ఉమ్మడి జిల్లాల పాత పరిధినే తీసుకోవడం జరిగింది.

పలుచని పొర

భూమిపై జీవం ఉన్న మేరనంతటినీ ఒకే వ్యవస్థగా చూసి దానికి 1875లో ‘బయోస్ఫియర్’ (జీవావరణం) అని పేరు పెట్టినవారు ఆస్ట్రియా భూవిజ్ఞాన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్. 1926లో రష్యా శాస్త్రవేత్త వ్లాదిమీర్ వెర్నాద్‌స్కీ ఆ భావనకు ఇప్పుడున్న అర్థాన్ని ఇచ్చారు. జీవులు భూమి మీద ఊరికే నివసించవని, అన్నీ కలిసి భూమి పైపొర రసాయన స్వభావాన్నే మార్చగల శక్తిగా పనిచేస్తాయని ఆయన వివరించారు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే ‘జీవులు నివసించే భాగం’ అనే నిర్వచనంలో ఈ రెండో సగం తరచుగా జారిపోతుంది.

ఈ పొర మందం చాలా తక్కువ. సముద్రంలో అత్యంత లోతైన చోటు దాదాపు 11 కిలోమీటర్లు. రాళ్ల పగుళ్లలో కొన్ని కిలోమీటర్ల లోతు దాకా సూక్ష్మజీవులు ఉన్నాయి. పైన పక్షులు, గాలిలో తేలే సిద్ధబీజాలు మరికొన్ని కిలోమీటర్ల ఎత్తు వరకు వెళ్తాయి. అంతా కలిపినా 6,371 కిలోమీటర్ల భూవ్యాసార్ధంలో సుమారు 20 కిలోమీటర్లే.

ఇందులోని జీవరాశి పరిమాణాన్ని కార్బన్ బరువులో కొలుస్తారు. 2018లో వెలువడిన ఒక అంచనా ప్రకారం అది దాదాపు 550 గిగాటన్నులు. ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. అందులో మొక్కలే 450, బాక్టీరియా సుమారు 70, జంతువులన్నీ కలిపి 2. మనుషుల వాటా 0.06 గిగాటన్ను. పెంపుడు పశువులది 0.1 కాగా అడవుల్లోనూ సముద్రాల్లోనూ ఉన్న క్షీరదాలన్నిటిదీ కలిపి 0.007 మాత్రమే.

ఇవి నిల్వల లెక్కలు. వ్యవస్థ పనితీరు తెలియాలంటే ప్రవాహాల లెక్క చూడాలి. కిరణజన్య సంయోగక్రియ ద్వారా మొక్కలు, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు తమ శ్వాసకు పోను ఏటా కొత్తగా కట్టే జీవపదార్థం దాదాపు 105 గిగాటన్నుల కార్బన్. అందులో సగం కంటే కాస్త ఎక్కువ నేల మీద, మిగిలినది సముద్రంలో తయారవుతుంది. నేల మీద ఆ పని చేసే మొక్కల బరువు 450 గిగాటన్నులు. సముద్రంలో దాదాపు అంతే పని చేసే వృక్ష ప్లవకాల బరువు ఏ క్షణంలో చూసినా ఒక గిగాటన్ను దగ్గరే ఉంటుంది. అవి వారం, పది రోజుల్లో పుట్టి, పెరిగి, తినబడి, మళ్లీ పుడుతుంటాయి. బరువును బట్టి చూస్తే సముద్రం దాదాపు ఖాళీ. పనిని బట్టి చూస్తే అడవులకు సాటి.

శక్తికీ పదార్థానికీ ఒక తేడా ఉంది. సూర్యుడి నుంచి వచ్చిన శక్తి జీవుల గుండా ఒక్కసారే ప్రవహించి వేడిగా బయటికి పోతుంది. ఒక ఆహార స్థాయి నుంచి పై స్థాయికి అందేది సుమారు పదో వంతు. కార్బన్, నత్రజని, భాస్వరం మాత్రం బయటి నుంచి కొత్తగా రావు, ఉన్నవే తిరగాలి.

ఆక్సిజన్ విషయంలో ప్రచారం, లెక్క

ప్రపంచంలోని ఆక్సిజన్‌లో 20 శాతాన్ని అమెజాన్ అడవులు ఇస్తున్నాయన్న ప్రచారం తెలుగు పత్రికల్లోనూ విస్తృతంగా వచ్చింది. పర్యావరణం గురించి వ్యాపించిన అపోహల్లో ఇంత బలమైనది మరొకటి ఉండకపోవచ్చు. చెట్టు పగలు తయారుచేసే ఆక్సిజన్‌లో దాదాపు సగం దాని సొంత శ్వాసకే సరిపోతుంది. మిగిలినది రాలిన ఆకులను, కూలిన మానులను కుళ్లబెట్టే శిలీంధ్రాలు, బాక్టీరియా, చెదలు వాడుకుంటాయి. ఎదిగిన అడవిలో ఏడాది మొత్తం మీద రాబడి, ఖర్చు దాదాపు సమానం.

వాతావరణంలో ఆక్సిజన్ సుమారు 12 లక్షల గిగాటన్నులు ఉంది. భూమి మీది జీవరాశి మొత్తాన్ని, అంటే ఆ 550 గిగాటన్నుల కార్బన్‌నూ ఒకేసారి తగలబెట్టినా అందుకు కావలసిన ఆక్సిజన్ 1,500 గిగాటన్నులకు లోపే. అది మొత్తం నిల్వలో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

అంత నిల్వ ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి సమాధానం గతంలో ఉంది. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు విడుదల చేసిన ఆక్సిజన్ గాలిలో చేరడం మొదలైంది. తయారైన జీవపదార్థంలో అతి స్వల్ప భాగం కుళ్లకుండా సముద్రపు అడుగున బురద కింద పూడిపోయింది. దాన్ని కుళ్లబెట్టడానికి ఖర్చు కావలసిన ఆక్సిజన్ అలా గాలిలో మిగిలింది. కిరాణా కొట్టు గల్లాలో రోజంతా వచ్చిపోయే డబ్బు వేరు, తరాల తరబడి పెట్టెలో చేరిన డబ్బు వేరు. అడవి నడిపేది గల్లాను, మనం పీల్చేది పెట్టెలోది. అడవులు అవసరమైనవి నీటికి, మట్టికి, కార్బన్ నిల్వకు, లెక్కలేనన్ని జీవజాతుల మనుగడకు. నల్లమలను కాపాడాలని చెప్పడానికి ఆక్సిజన్ వాదనతో పని లేదు.

నిల్వ పెద్దదైనప్పుడు రాబడి, ఖర్చుల తేడా కంటికి కనిపించదు. నిల్వ చిన్నదైతే ఏమవుతుందో అమెరికాలోని అరిజోనాలో ‘బయోస్ఫియర్ 2’ అనే ప్రయోగం చూపింది. సుమారు మూడు ఎకరాల గాజు కట్టడంలో చిన్న అడవి, చిన్న సముద్రం, పంట పొలం అమర్చి, 1991 సెప్టెంబరులో ఎనిమిది మందిని రెండేళ్ల కోసం లోపల ఉంచి మూసివేశారు. దాదాపు పదహారు నెలల్లో లోపలి గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 శాతం చేరువకు పడిపోయింది. చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపవలసి వచ్చింది. పంటల కోసం వేసిన సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు మొక్కల ఉత్పత్తిని మించి ఆక్సిజన్‌ను వాడుకున్నాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కట్టడంలోని కాంక్రీటు పీల్చుకుంది. దాంతో ఆ కార్బన్ మొక్కలకు అందలేదు, ఆక్సిజన్ తిరిగి రాలేదు. చక్రంలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక గోడ మొత్తం ప్రయోగాన్ని మలుపు తిప్పింది.

గంటల లెక్క: రొయ్యల చెరువు

ఆ గాజు కట్టడంలో నెలలు పట్టిన పరిణామం ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు వెనామీ అనే రకం రొయ్యల చెరువుల్లో ఒక్క రాత్రిలో జరగగలదు. కారణం నిల్వ తక్కువ కావడమే. లీటరు గాలిలో 270 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీటిలో కరిగి ఉండగలిగేది ఏడు మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. నీటిలో ఉప్పు, వేడి పెరిగిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది.

పగలు చెరువులోని ప్లవకాలు, అంటే రైతులు నీటి రంగు అని చెప్పేవి, ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తాయి. మధ్యాహ్నానికి నీటిలో అది అవసరానికి మించి ఉంటుంది. పొద్దుగూకగానే ఉత్పత్తి ఆగిపోతుంది. రొయ్యలతో పాటు ఆ ప్లవకాలు, అడుగు బురదలోని బాక్టీరియా కూడా రాత్రంతా శ్వాసిస్తూనే ఉంటాయి. అందుకే డీఓ, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, అన్నిటికంటే కిందికి పడేది తెల్లవారుజామున. మబ్బు పట్టిన రోజు తర్వాతి రాత్రి, లేదా ప్లవకాలు ఒక్కసారిగా చచ్చి నీటి రంగు పోయిన రాత్రి ప్రమాదం రెట్టింపవుతుంది; తయారీదారులే కుళ్లే పదార్థంగా మారి, ఉన్న ఆక్సిజన్‌ను తినడం మొదలుపెడతాయి. రాత్రంతా ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరగడం అంటే గాలిలోని పెద్ద నిల్వను కరెంటు ఖర్చుతో నీటిలోని చిన్న నిల్వకు అనుసంధానించడం.

నత్రజని కథ మరింత చిక్కైనది. మేతలో ఉన్న మాంసకృత్తుల్లోని నత్రజనిలో సాధారణంగా పావు నుంచి మూడో వంతు మాత్రమే రొయ్య శరీరంలోకి చేరుతుంది. మిగిలినది అమ్మోనియాగా నీటిలో, తినని మేతగా అడుగున చేరుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరో రకం నైట్రేటుగా మార్చాలి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటు దాకా తీసుకెళ్లడానికి సుమారు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అంటే శుభ్రపరిచే పని కూడా ఆ కొద్దిపాటి నిల్వ మీదే పడుతుంది. మధ్యాహ్నం ప్లవకాలు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో నీటి పీహెచ్, అంటే క్షార స్వభావం, పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే అమ్మోనియాలో విషపూరిత రూపం వాటా పెరుగుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ కొరత, మధ్యాహ్నం అమ్మోనియా విషం. ఒకే చెరువుకు ఒకే రోజులో రెండు వ్యతిరేక దిక్కుల నుంచి గండం. తీరప్రాంత రైతులకు ఇది అనుభవంలో తెలిసిన విషయమే. జీవావరణ శాస్త్రం కాగితం మీద చెప్పే చక్రాలను ఇంత దగ్గరగా, ఇంత ఖరీదు చెల్లించి గమనించే వృత్తి మరొకటి లేదనవచ్చు.

సహజమైన మడుగులో ఈ చక్రాలు కుదురుకోవడానికి కారణం జీవుల సాంద్రత తక్కువ కావడం. చెరువులో మేత వేగం పెరిగింది, విడగొట్టే వేగం పెరగలేదు. మిగిలిపోయిన నత్రజనిని నీటి మార్పిడితో కాలువలోకి వదిలితే సమస్య తీరదు, పక్క చెరువుకు చేరుతుంది. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చిలికా, పులికాటు సరస్సుల నుంచి 1,000 మీటర్ల లోపు ఆధునిక రొయ్యల చెరువులను నిషేధించడానికి నేపథ్యం ఇదే. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. 2009లో వెనామీకి అనుమతి లభించాక సాంద్ర సాగు మళ్లీ ఊపందుకుంది.

రుతువుల లెక్క: పులికాటు ముఖద్వారం

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటు. శ్రీహరికోట దీవి దాన్ని బంగాళాఖాతం నుంచి వేరు చేస్తుంది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, లోతు ఉన్న దక్షిణ భాగం, పళవేర్కాడు ముఖద్వారం తమిళనాడులో ఉన్నాయి. ఉత్తరాన రాయదొరువు వద్ద సముద్రంతో సంబంధం ఉండేది. అక్కడ ఇసుక మేట వేయడం పాత సమస్య.

సరస్సు మనుగడ రెండు నీళ్ల పోటీ మీద ఆధారపడింది. ఈశాన్య రుతుపవనాల కాలంలో కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెస్తాయి. మిగతా కాలంలో పోటుపాట్లు ముఖద్వారం గుండా సముద్రపు నీటిని తెచ్చి తీసుకుపోతాయి. వానకాలంలో దాదాపు మంచినీటిలా ఉండే నీరు ఎండలు ముదిరేసరికి, ముఖ్యంగా లోతు తక్కువైన ఉత్తర భాగంలో, సముద్రాన్ని మించిన ఉప్పదనానికి చేరుతుంది. ఈ ఊగిసలాటే సరస్సు ఉత్పాదకతకు మూలం. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు పోటుతో లోపలికి వచ్చి, ప్రశాంతమైన నీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి సముద్రానికి వెళ్తాయి. పీతలు, అనేక రకాల చేపలు కూడా అంతే.

ముఖద్వారం ఇసుకతో పూడితే ముందు దెబ్బతినేది ఈ రాకపోకలు. ఆ తర్వాత నీటి మార్పిడి మందగించి, వేసవి ఆవిరితో ఉప్పు పేరుకుపోతుంది. నదులు తెచ్చిన ఒండ్రు బయటికి పోక అడుగున చేరి లోతు తగ్గుతుంది. లోతు తగ్గితే లోపలికి వచ్చి వెళ్లే పోటు నీటి పరిమాణమే తగ్గుతుంది. ఆ నీటి ఒరవడే ఇసుకను తోసి ముఖద్వారాన్ని తెరిచి ఉంచేది కనుక, పూడిక తనను తానే పెంచుకుంటూ పోతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు నీటి కదలికను విడగొట్టడం దీనికి తోడైంది. తీరం వెంబడి ఇసుక నైరుతి రుతుపవనాల్లో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి కదులుతుంటుంది. మొత్తం మీద ఉత్తర దిశదే పైచేయి. కాబట్టి ఒకసారి తవ్విన ముఖద్వారం అలాగే ఉంటుందనుకోవడం పొరపాటు. పూడిక తీసే వేగం ఇసుక చేరే వేగానికి ఏటా సరితూగాలి, లేదా ఇసుక చేరకుండా అడ్డుకునే కట్టడం ఉండాలి. ఆ కట్టడం వల్ల దాని అవతలి తీరం కోతకు గురవుతుందా అన్న ప్రశ్న అప్పుడు తలెత్తుతుంది. రెండు రాష్ట్రాల మత్స్యకారుల మధ్య తలెత్తే వేట హద్దుల తగాదాలకు వెనుక ఉన్నది కూడా ప్రధానంగా నీరు, లోతు దక్షిణాన మిగలడమే.

ఫ్లెమింగోల సంగతి ఇక్కడ పూర్తిగా వేరుగా ఆలోచించాలి. వాటికి కావలసింది లోతు లేని, ఉప్పుగా ఉండే బురద నీరు. వంచిన ముక్కుతో అవి వడకట్టి తినే శైవలాలు, చిన్న జీవుల్లోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలే వాటికి గులాబీ రంగునిస్తాయి. సరస్సు కొంత పూడినంత మాత్రాన అవి పోవు, పూర్తిగా ఎండితే పోతాయి. మత్స్యకారుడికి మేలు చేసే లోతు, ఫ్లెమింగోకు మేలు చేసే లోతు ఒకటి కావు. పక్షుల సంఖ్యను బట్టి సరస్సు ఆరోగ్యాన్ని అంచనా వేసే అలవాటుకు ఈ పరిమితి ఉంది.

భాస్వరం వెనుదిరిగే దారి: నేలపట్టు

నత్రజనికి, కార్బన్‌కు గాలిలో తిరిగే రూపం ఉంది. భాస్వరానికి లేదు. రాళ్ల నుంచి కరిగి, నేల ద్వారా, నదుల ద్వారా సముద్రానికి చేరడమే దాని దారి. తిరిగి పైకి రావడానికి సాధారణంగా భూగర్భ కదలికలు పర్వతాలను లేపేదాకా ఆగాలి. ఆ కిందికి జారే ప్రవాహాన్ని కొద్దిగానైనా వెనక్కి మళ్లించేవి చేపలు తినే పక్షులు.

దొరవారిసత్రం మండలం నేలపట్టు చెరువులో నీటిలోనే నిలిచి పెరిగే చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు వర్షాకాలం తర్వాత గూళ్లు కడతాయి. 1976లో దాన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. గూడబాతులు మేతకు పులికాటుకు వెళ్లి, పిల్లల కోసం చేపలను నేలపట్టుకు తెస్తాయి. వాటి రెట్టలతో చెరువు నీరు నత్రజని, భాస్వరాలతో బలపడుతుంది. ఆ నీరు పారిన పొలాలకు ఎరువు ఖర్చు తగ్గుతుందని చుట్టుపక్కల రైతులు పక్షులను ఆదరించడం చాలాకాలంగా ఉన్నదే. సరస్సు పూడి చేపలు తగ్గితే నష్టం సరస్సు దగ్గరే ఆగదు.

నత్రజనిది మరో ఇబ్బంది. గాలిలో 78 శాతం అదే ఉన్నా, రెండు పరమాణువుల మధ్య ఉన్న గట్టి బంధం వల్ల మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేవు. వరికి ముందు వేసి దున్నే జీలుగ, జనుము, పిల్లిపెసర వేళ్ల బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా ఆ బంధాన్ని తెంచుతుంది. సముద్రపు ఒడ్డున ఏమీ పండని ఇసుకలో సరుగుడు తోటలు ఎదగడానికి దాని వేళ్లలో ఉండే ఫ్రాంకియా అనే మరో సూక్ష్మజీవి తోడ్పడుతుంది. ఇదే పనిని 1909లో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో అధిక పీడనంతో సాధించారు, 1913లో జర్మనీలో కర్మాగారం మొదలైంది. ఇప్పుడు మానవ కార్యకలాపాలు ఏటా స్థిరీకరించే నత్రజని, నేల మీద సహజంగా స్థిరపడేదానితో పోటీ పడే స్థాయిలో ఉంది. ప్రవేశ ద్వారం రెట్టింపు వెడల్పయింది, కానీ నత్రజనిని తిరిగి గాలిలోకి పంపే బాక్టీరియా పని ఆ మేరకు పెరగలేదు. పెన్నా డెల్టా వరి మడిలో వేసిన యూరియాలో ఒక భాగం పంటకు, ఒక భాగం కాలువకు, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది.

దశాబ్దాల లెక్క: మెట్ట ప్రాంతపు నీరు

పశ్చిమ ప్రకాశంలో బోరుబావి నీటిని జీవావరణంతో ముడిపెట్టి చూడటం అరుదు. కానీ అక్కడి రాయిని కరిగించే పని మొదలయ్యేది మట్టిలోని వేళ్లు, సూక్ష్మజీవులతోనే. వాటి శ్వాస వల్ల మట్టి రంధ్రాల్లోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలి కంటే పదుల రెట్లు ఎక్కువ ఉంటుంది. అది వాన నీటిలో కరిగి బలహీనమైన ఆమ్లంగా మారి రాతి ఖనిజాలను నెమ్మదిగా కరిగిస్తుంది. పంటలకు పొటాషియం, కాల్షియం అందేది ఇలాగే. కనిగిరి ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగేదీ ఇలాగే. నీరు రాతిలో ఎంత ఎక్కువ కాలం ఉంటే, అందులో కాల్షియం ఎంత తక్కువగా ఉంటే, ఫ్లోరైడు అంత పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటితే హాని పళ్లపై మచ్చలతో మొదలై, మోతాదు, కాలం పెరిగిన కొద్దీ ఎముకల దాకా వెళ్తుంది.

ఇక్కడ తారుమారైనది లోతు. వాన నీరు నేలలో ఇంకే వేగానికి మించి తోడినప్పుడు బోర్లు ఏటా కిందికి దిగుతాయి. దిగిన కొద్దీ అందేది రాతిలో దీర్ఘకాలం నిలిచిన నీరు. కొత్త బోరు వేయడం నీటి కొరతకు పరిష్కారంగా కనిపిస్తూనే నీటి నాణ్యతను దిగజార్చవచ్చు.

కంభం చెరువు దీనికి ఎదురుగా పెట్టి చూడదగిన ఉదాహరణ. విజయనగర కాలంలో కొండల మధ్య సందును కట్టతో మూసి గుండ్లకమ్మ నీటిని ఆపిన ఈ చెరువు పైనున్న నల్లమల అడవి మీద ఆధారపడుతుంది. అడవి నేల వానను పీల్చుకుని మెల్లగా వదులుతుంది. అడవి పలుచబడితే అదే వాన కొద్ది గంటల్లో మట్టితో సహా దిగుతుంది, చెరువులో పూడిక చేరుతుంది. వేసవిలో చెరువు పూడిక మట్టిని పొలాలకు తోలుకునే పాత అలవాటు చెరువు లోతును కాపాడటమే కాక కొట్టుకుపోయిన భాస్వరాన్ని పొలానికి తిరిగి చేర్చేది. సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68 టీఎంసీలు నిలువ చేయగలవు. అంత పెద్ద జలాశయాల నుంచి ఒండ్రును తీసి పొలాలకు చేర్చే ఏర్పాటు కష్టం. డెల్టాకు, తీరానికి చేరవలసిన ఇసుక, ఒండ్రులో కొంత అక్కడే ఆగిపోతుంది.

శతాబ్దాల లెక్క: గాలిలోని కార్బన్

ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ చేరి అక్కడ ‘నెలోర్’ అన్న పేరుతో ప్రధాన మాంసపు జాతిగా మారాయి. ఆ దేశంలో పశువుల సంఖ్య 20 కోట్లకు పైగానే. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు మనిషి అరిగించుకోలేని గడ్డిని ఆహారంగా మారుస్తాయి. ఆ పనిలో మీథేన్ విడుదలవుతుంది. నీరు నిలిచిన వరి మడి బురదలోనూ జరిగేది ఇదే. మీథేన్ గాలిలో పది పన్నెండేళ్లలో కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. గడ్డి తిరిగి పెరిగితే ఆ కార్బన్ చక్రంలోనే ఉంటుంది. పచ్చిక బయళ్ల కోసం అడవిని నరికితే చెట్లలోని కార్బన్ అదనంగా గాలికి చేరుతుంది. పశువు ఒకటే అయినా, ఒంగోలు రైతు ఇంట చొప్ప తిన్నప్పుడు దాని లెక్క వేరు, అమెజాన్ అంచున మేసినప్పుడు వేరు.

బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల ఏటా సుమారు 10 గిగాటన్నుల కార్బన్ గాలిలోకి వెళ్తోంది. జీవావరణం ఏటా నడిపే 105 గిగాటన్నుల ముందు అది చిన్నదిగా కనిపిస్తుంది. అయితే ఆ 105 వచ్చిపోయేది, ఈ 10 వచ్చి చేరేది. అందులో దాదాపు సగాన్ని నేల, సముద్రం పంచుకుని పీల్చుకోగా మిగిలినది గాలిలో నిలుస్తోంది. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాల్లో 280గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

సముద్రం తన వంతు ఎంతకాలం తీసుకోగలదన్నది ప్లవకాల మీద కూడా ఆధారపడుతుంది. ఆ ప్లవకాల పచ్చదనాన్ని పైనుంచి కొలిచే ఓషన్‌శాట్ ఉపగ్రహాలు 1999, 2009, 2022లలో పులికాటు పక్కనున్న శ్రీహరికోట నుంచే వెళ్లాయి. గంగ, బ్రహ్మపుత్ర వంటి నదుల మంచినీరు బంగాళాఖాతం పైన తేలికైన పొరగా పరుచుకోవడంతో కింది పోషకాలు పైకి రావడం కష్టం. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాల ఉత్పత్తి తక్కువ. తుపాను ఆ పొరను చిలికినప్పుడు దాని దారి వెంట కొద్ది రోజుల పాటు ప్లవకాలు విరివిగా పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది. నేల మీద విధ్వంసం తెచ్చే తుపాను సముద్రంలో ఎరువు వేసినట్టవుతుంది. సముద్రపు పైపొర వేడెక్కిన కొద్దీ పొరల మధ్య కలయిక మరింత తగ్గుతుంది కాబట్టి తీర మత్స్య సంపదపై ఆ ఒత్తిడి పెరిగే అవకాశం ఉంది.

గాలిలో అదనంగా చేరిన కార్బన్‌లో ఎక్కువ భాగాన్ని సముద్రం కొన్ని శతాబ్దాల్లో కలుపుకుంటుంది. చివరి భాగాన్ని తొలగించేది రాయి. వేళ్లు, సూక్ష్మజీవులు బలపరిచిన ఆ బలహీనమైన ఆమ్లం కొండరాళ్లను కరిగించి బైకార్బనేటుగా మార్చి నదుల్లోకి పంపుతుంది. సముద్రంలో గవ్వలు, ప్లవకాల పెంకులు దాన్ని సున్నపురాయిగా కట్టి అడుగుకు చేరుస్తాయి. వెలిగొండల్లో, నల్లమలలో, పెన్నా పరీవాహకంలో ఆ పని ఇప్పుడూ సాగుతోంది. అది పూర్తి కావడానికి పట్టే కాలం లక్ష ఏళ్ల స్థాయిలో ఉంటుంది.